సాయిబును పిలవండి

చరిత్ర పుస్తకాల్లో మేమంటే నవాబులం, లేదంటే గుర్రాల మీదొచ్చిన దండు. గ్రీజు చేతుల మేము ఏ పేజీలోనూ కనపడం.

ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డే 1950ల చివర ఉత్తర్‌పారాలో అంబాసిడర్ అయింది. కొన్నాళ్లకే దానికి 1489 సి.సి. ఇంజను వచ్చింది. ఆ ఇంజన్‌ను మా వాకిట్లో ఎన్నిసార్లు విప్పామో లెక్కలేదు. వేపకొమ్మకు కప్పీ కట్టి దించేవాళ్లం. హెడ్డు తీశాక అబ్బా బోరు లోపల గోరుతో తడిమేవాడు. పైన గట్టులా తగిలితే అరిగినట్టే. బ్లాకును లేతు షాపుకు మోసుకెళ్లి బోరింగు చేయించేవాళ్లం. సైజు పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు, బేరింగులు పడేవి. వాల్వులకు పేస్టు పూసి రుద్దడం పిల్లలమైన మా పని. తుడవడానికి అమ్మీ పాత చీర చింపిచ్చేది. ఎక్కాల కంటే ముందు మాకు ఫైరింగ్ వరస వచ్చింది: 1-3-4-2.

అబ్బా ఓ ఆఫీసులో మెకానిక్ నౌకరీ అడిగితే కాగితం చూపమన్నారు. కాగితం లేదు. అదే ఆఫీసు కారు రోడ్డు మీద ఆగిపోతే మాత్రం 'సాయిబును పిలవండి' అన్నారు.

2014లో అంబాసిడర్ తయారీ ఆగింది. మిగిలిన బండ్లను ఇప్పుడు క్లాసిక్ అని మురిపెంగా కడిగి తుడిచి ప్రదర్శనలకు పెడుతున్నారు. కారుకు చరిత్ర దక్కింది. దాన్ని అన్నేళ్లు బతికించిన చేతులకేది?

కాగితం అడిగారు గదా! ఇదిగో, మేమే రాస్తున్నాం.