ఏరి పారేసిన గింజలు

అశోక్‌నగర్ సెంట్రల్ లైబ్రరీ చుట్టూ గ్రూప్స్‌కి చదివే పిల్లలకు యల్లాప్రగడ సుబ్బారావు ఒక బిట్. ఫోలిక్ యాసిడ్, లెడర్లీ, 1945. టిక్కు పెట్టి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. ఆ ఒక్క మార్కు వెనుక ఎంత కన్నీరుందో ఏ గైడూ చెప్పదు.

1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరు గ్రహణితో రోజుల తేడాలో పోయారు. తిన్నది ఒంటబట్టదు, నోరు పూస్తుంది, నెత్తురు పలచబడుతుంది, మనిషి ఎముకల గూడైపోతాడు. అదే జబ్బు ఆయన్నీ పట్టింది. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం బతికించింది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు సర్జరీ ప్రొఫెసర్ కన్నెర్ర చేశాడు, చివరికి కింది స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతోనే బయటపడ్డారు. 1922లో బోస్టన్ వెళ్లారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. పుట్టిన కొడుకు తండ్రి కంట పడకుండానే పసితనంలో పోయాడు. సుబ్బారావు మళ్లీ ఈ నేల మీద అడుగు పెట్టలేదు.

ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడుగుతూ చదివారు. కండకు బలమిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ని, ఏటీపీని గుర్తించిన వారిలో ఒకరయ్యారు. అయినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారు చేసింది. మరుసటి ఏడాదికల్లా క్యూబాలో గ్రహణి రోగులు దానితో లేచి కూర్చున్నారు. ఇంట్లో ఇద్దర్ని మింగిన జబ్బుకు మందు దొరికింది, పాతికేళ్లు ఆలస్యంగా. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, గుండె ఆగి పోయారు. అమెరికా పౌరుడు కూడా కాలేదు.

గర్భంలోని బిడ్డకు ఆ మందు ఎంత అవసరమో ఆయన పోయాకగాని తెలియలేదు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ పరీక్షలో తేలింది: అంతకుముందు వెన్నుపాము, మెదడు సరిగ్గా మూసుకోని బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే రోజుకు 4 మిల్లీగ్రాములు ఇస్తే, మళ్లీ అలాంటి బిడ్డలు పుట్టడం 72 శాతం తగ్గింది. బిడ్డ కడుపున పడ్డ 28 రోజుల్లోపే వెన్నుపాము, మెదడుగా మారే నాళం మూసుకోవాలి. నెల తప్పిందని తెలిసి నారాయణగూడలో డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చాలామందికి ఆ గడువు దాటిపోతుంది. అందుకే తిండిలోనే కలపాలి. అమెరికా 1998 నుంచి 100 గ్రాముల పిండికి 140 మైక్రోగ్రాములు కలుపుతోంది. మన రేషన్ బియ్యానికి పెట్టిన ప్రమాణం కిలోకి 75 నుంచి 125 మైక్రోగ్రాములు. చాలా తక్కువ. పెళ్లైన నాటి నుంచే మాత్ర కూడా వేసుకోవాలి. కానీ బియ్యంలోని ఆ కాస్తయినా కడుపులోకి వెళ్తోందా?

చిక్కడపల్లిలో మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య చాటలో బియ్యం పోసుకుని, కాస్త పసుపుగా, నున్నగా ఉన్న గింజలు ఏరి పక్కన పడేస్తోంది. వంద గింజలకు ఒకటి చొప్పున కలిపిన ఫోలిక్ యాసిడ్ గింజలు సరిగ్గా అవే. ‘ప్లాస్టిక్ బియ్యమంట సార్, నీళ్లల్ల తేలుతున్నయ్. పిల్లలకు పెట్టొద్దంటున్నరు’ అంది. వచ్చే మాఘంలో ఆమె కూతురి పెళ్లి.

బియ్యప్పిండిలో విటమిన్లు కలిపి మళ్లీ గింజగా చేసినవమ్మా అవి, ముందు మీ పిల్లకే కావాలి అని చెప్పాను. చేయి ఆపి అడిగింది: ‘గింత మంచియైతే షాపుల ఎవ్వరు చెప్పలేదేంది సార్?’