దివిసీమ ఉప్పెన నుంచి వరి జీన్ దాకా: ఉప్పులో నారు ఎలా బతుకుతుంది?

నేను అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి మాట్లాడుతున్నా. మా ఊరి మీదుగా పోయే విజయవాడ హైవే ఉంది కదా, అది విజయవాడలో ఆగదు. మచిలీపట్నం దాకా, అంటే సముద్రం దాకా పోతుంది. ఇవాళ్టి కథ ఆ చివర మొదలవుతుంది.

1977 నవంబర్ 19, దివిసీమ ఉప్పెన. వేల మంది ప్రాణాలు పోయాయి. అలలు వెనక్కి పోయాయి గానీ, మట్టిలో దిగిన ఉప్పు అంత తేలిగ్గా పోదు. అలాంటి మట్టిలో వరి నారు వేస్తే ఏమవుతుంది?

మొదటి దెబ్బ దాహం. నీళ్లున్నా ఉప్పు వాటిని పట్టి ఉంచుతుంది, వేరు లాక్కోలేదు. రెండో దెబ్బ సోడియం. కణంలో చాలా ఎంజైములకు పొటాషియం కావాలి. సోడియం అదే దారుల్లో దూరిపోతుంది, కానీ ఆ పని చేయలేదు. ఆకుల కొనలు ఎండిపోతాయి. లేత నారుగా ఉన్నప్పుడు వరికి ఉప్పంటే అస్సలు పడదు. అందుకే ఉప్పు నేలల్లో ముదురు నారు నాటమంటారు.

మరి మొక్క ఊరికే చచ్చిపోతుందా? లేదు, పోరాడుతుంది. ఆ సంగతి కనిపెట్టిన తీరు మేం కోడ్‌లో బగ్ వెతికినట్టే ఉంటుంది. 1990లలో అమెరికాలోని అరిజోనా యూనివర్సిటీలో జియాన్-కాంగ్ ఝు టీమ్, అరబిడాప్సిస్ అనే ఆవాల కుటుంబపు చిన్న మొక్కల్లో, కొంచెం ఉప్పుకే వాడిపోయేవాటిని ఏరింది. వాటిలో ఏ జీన్ చెడిందో, అదే కాపలా జీన్ అన్నమాట! వాటి పేరు ఎస్ఓఎస్. ఉప్పు తగలగానే కణంలో కాల్షియం పెరుగుతుంది. ఎస్ఓఎస్3 పసిగట్టి ఎస్ఓఎస్2ని లేపుతుంది. అది ఎస్ఓఎస్1 అనే పంపును ఆన్ చేస్తుంది. పంపు సోడియాన్ని బయటికి తోస్తుంది.

వరిలో ఇంకో కాపలా 2005లో బయటపడింది. చైనా శాస్త్రవేత్తలు ఉప్పును తట్టుకునే ఒక వరిని జపాన్ రకం కోషిహికారితో సంకరం చేసి, ఎస్‌కేసీ1 అనే జీన్‌ను పట్టుకున్నారు. వేరు నుంచి పైకి పోయే నీటిలోంచి అది సోడియాన్ని వెనక్కి లాగేస్తుంది, ఆకుకు చేరనివ్వదు.

ఆ వరి ఎక్కడిదో తెలుసా? మన దేశానిదే. బెంగాల్ రైతుల పాత రకం, నోనా బొక్రా. కేరళ తీరంలో పొక్కలి కూడా అలాంటిదే. అంటే ల్యాబ్ ఆ జీన్‌ను తయారు చేయలేదు, చదివిందంతే. తరాలుగా దాచింది రైతులు. దిగుబడి తక్కువని ఆ విత్తనం వదిలేసి ఉంటే, వెతకడానికి ఏమీ మిగిలేది కాదు.

ఇవాళ ఇంట్లో తాతయ్యనో నానమ్మనో అడగండి, వాళ్ల చిన్నప్పుడు ఏ వరి వేసేవారో. ఆ పేరు కామెంట్‌లో రాయండి. మళ్లీ కలుద్దాం.