కాంపాక్ట్ డిస్క్

సంగీతాన్ని, సమాచారాన్ని అంకెల రూపంలో భద్రపరచి, లేజర్ కాంతితో చదివే ప్లాస్టిక్ బిళ్ల కాంపాక్ట్ డిస్క్ (సీడీ). దీని వ్యాసం 12 సెంటీమీటర్లు, మందం 1.2 మిల్లీమీటర్లు. 1979 మార్చిలో నెదర్లాండ్స్ సంస్థ ఫిలిప్స్ ఐండ్‌హోవెన్‌లో తన నమూనాను ప్రదర్శించింది. ఆ ఏడాదే జపాన్ సంస్థ సోనీతో చేయి కలిపింది. 1980లో కుదిరిన ప్రమాణాలే ‘రెడ్ బుక్’.

బేరసారాలు బాగానే జరిగాయి. ఒక్కో ధ్వని నమూనాకు ఫిలిప్స్ 14 బిట్లు చాలంది, సోనీ 16 కావాలంది. సోనీ మాటే నెగ్గింది. 11.5 సెంటీమీటర్ల బిళ్ల 12కు పెరగడానికి కారణం బీథోవెన్ తొమ్మిదో సింఫనీ అని, అది మొత్తం పట్టాలనే 74 నిమిషాలు నిర్ణయించారని ఒక కథ ప్రచారంలో ఉంది. వినడానికి బాగుంటుంది కానీ, ఆ బృందంలో పనిచేసిన ఫిలిప్స్ ఇంజనీరు కీస్ ఇమ్మింక్ దాన్ని ఒప్పుకోలేదు. 11.5 సెంటీమీటర్ల బిళ్లల తయారీకి ఫిలిప్స్ వర్గం అప్పటికే సిద్ధంగా ఉందని, ఆ ఆధిక్యం దక్కకుండా చేయడం సోనీకి అవసరమైందని ఆయన వివరణ. ఇదే నమ్మదగినట్టుంది.

సెకనుకు 44,100 నమూనాలు అనే వింత అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. అప్పట్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీదే రికార్డు చేసేవారు. గీతకు 3 నమూనాలు, ఫీల్డుకు 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డులు: గుణిస్తే సరిగ్గా 44,100.

పాలీకార్బొనేట్ బిళ్లలో లోపలి నుంచి అంచు వైపు సుడి తిరుగుతూ ఒకే బాట సాగుతుంది. వరుసకూ వరుసకూ మధ్య దూరం 1.6 మైక్రోమీటర్లు. బాట పొడవునా సూక్ష్మమైన గుంటలు, వాటిపై పలుచని అల్యూమినియం పూత, దానిపై లక్క లాంటి రక్షణ పొర ఉంటాయి. గుంట అంటే సున్నా, చదును అంటే ఒకటి అనుకుంటారు చాలామంది. అది సరికాదు. గుంట మొదలయ్యేచోట, ముగిసేచోట కాంతి తీరు మారుతుంది. ఆ మార్పే ఒకటి, మార్పు లేని నిడివి అంతా సున్నాలు. 780 నానోమీటర్ల పరారుణ లేజర్ దీన్ని చదువుతుంది. చదివే వేగం నిలకడగా ఉండాలి కనుక బిళ్ల మొదట నిమిషానికి దాదాపు 500 సార్లు, అంచు చేరేసరికి 200 సార్లు తిరుగుతుంది.

అసలు తెలివి దోష సవరణలో ఉంది. బిళ్లపై చెక్కిన ప్రతి 588 బిట్లలో సంగీతం 192 మాత్రమే. మిగతావి ఆ సంగీతాన్ని కాపాడే కాపలాదారులు. రీడ్–సాలమన్ సంకేతాలను జోడించి, పక్కపక్కనే ఉండాల్సిన సమాచారాన్ని దూరదూరంగా వెదజల్లుతారు. అందుకే రెండు మిల్లీమీటర్ల మేర చెరిగినా ఒక్క స్వరం కూడా పోదు.

1982 ఆగస్టులో జర్మనీలోని హనోవర్ దగ్గర తయారీ మొదలైంది. అక్టోబర్ 1న జపాన్‌లో సోనీ సీడీపీ-101 ప్లేయర్ అమ్మకానికి వచ్చింది. తర్వాత కంప్యూటర్లకు సీడీ-రామ్, ఇంట్లోనే రాసుకునే సీడీ-ఆర్ వచ్చాయి. అమెరికాలో 2000 ప్రాంతంలో శిఖరానికి చేరిన అమ్మకాలను ఎంపీ3, ఆ తర్వాత స్ట్రీమింగ్ కుదించాయి. 2020లో అక్కడ వినైల్ రికార్డుల రాబడి సీడీలను దాటిపోయింది.

మెరిసే వైపు గీతలు పడకుండా జాగ్రత్తపడతారు కానీ, పేరు ముద్రించిన వైపే నిజానికి సున్నితం. అల్యూమినియం పూత ఆ వైపు రక్షణ పొర కిందే ఉంటుంది. అది చెదిరితే మరమ్మతు లేదు. తుడిచేటప్పుడు కూడా గుండ్రంగా కాక, మధ్య నుంచి అంచుకు తుడవాలి. బాటకు అడ్డంగా పడిన గీతను ప్లేయర్ సవరించుకోగలదు, బాట వెంబడి పడినదాన్ని సవరించడం కష్టం.