లైసెన్స్ అనే తలుపు (చేతిపనుల చరిత్ర – 9)

పోయిన భాగంలో కొలిమి గురించి రాశాను. ఈసారి తాపీ పని గురించి రాస్తానని మాటిచ్చాను. మధ్యలో మా మేనల్లుడి ఫోన్ వచ్చి దారి మళ్లించింది. తాపీ పనివాళ్లు ఒక వారం ఆగాలి.

మా మేనల్లుడు హ్యూస్టన్‌లో ప్లంబర్. ఇక్కడ ఐటీఐలో ప్లంబర్ ట్రేడ్ చేశాడు. ఆరేళ్లు దుబాయ్‌లో పైపులు బిగించాడు. ఆ తర్వాత నర్సుగా వెళ్లిన భార్య వెనకాల అమెరికా చేరాడు. (మా పేట నుంచి అమెరికాకి పడిన దారి సాఫ్ట్‌వేర్ కాదు, నర్సింగ్. దాని మీద విడిగా రాయాలి.) అక్కడ ఇతని ఐటీఐ కాగితానికి విలువ లేదు. లైసెన్స్ ఉన్నవాడి కింద 8,000 గంటలు పనిచేసి, పరీక్ష రాసి, జర్నీమన్ లైసెన్స్ తెచ్చుకున్నాడు. టెక్సస్‌లో ఆ లైసెన్స్‌ని ఏటా రెన్యువల్ చేయించుకోవాలి. అందుకు ఏటా ఆరు గంటల పాఠం వినాలి. ఇప్పుడది ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే వినొచ్చు.

"మావయ్యా, నా బదులు ఒకడు కూర్చుంటానంటున్నాడు. వంద డాలర్లిస్తే చాలు, నొక్కాల్సినవన్నీ వాడే నొక్కేస్తాడు. ఇచ్చేయనా? పదిహేనేళ్లుగా చేస్తున్న పనే కదా, కొత్తగా వాళ్లు చెప్పేదేముంది?"

ఇవ్వొద్దన్నాను. ఎందుకన్నాడు. సరైన జవాబు చెప్పలేక, "అది దొంగతనంరా" అని పెట్టేశాను. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాడి ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. ఈ లైసెన్సుల చరిత్ర తెలిసినవాడెవడూ వాటికి ఊరికే దండం పెట్టడు.

మొదలు మంచి కారణంతోనే అయింది. 1880ల్లో అమెరికా నగరాల్లో ఇళ్లలోకి కొత్తగా మురుగు పైపులు వచ్చాయి. వాటిలోంచి వచ్చే గాలే జబ్బులకు మూలమని జనం వణికిపోయారు. జబ్బులు ఎలా వస్తాయన్న దాంట్లో వాళ్లు సగం పొరబడ్డారు గానీ, పైపు సరిగ్గా బిగించకపోతే మనుషులు చస్తారన్నది నిజమే. 1881లో న్యూయార్క్‌లో ప్లంబర్లు ఆరోగ్య శాఖ దగ్గర పేరు నమోదు చేయించుకోవాలని చట్టం వచ్చింది. ఆ తర్వాత ఒక్కో రాష్ట్రం, ఒక్కో ఊరు పరీక్షా బోర్డులు పెట్టుకున్నాయి. ఆ బోర్డుల్లో కూర్చున్నదెవరు? ఎక్కువగా ప్లంబర్లే. ఎవరు ప్లంబర్ కావచ్చో, కాకూడదో అప్పటికే లోపలున్న ప్లంబర్లు తేల్చడం మొదలైంది.

దక్షిణాది సంగతి ఇక్కడ గుర్తు పెట్టుకోవాలి. బానిసత్వం రోజుల నుంచీ అక్కడ వడ్రంగం, తాపీ, కమ్మరం లాంటి చేతిపనుల్లో పెద్ద వాటా నల్లవాళ్లదే. యజమాని బంగళా కట్టింది వాళ్లే, బాగుచేసిందీ వాళ్లే. స్వేచ్ఛ వచ్చాక అదే పనికి వాళ్లు కూలి అడిగేసరికి, తెల్ల పనివాళ్లకి వాళ్లు పోటీగా కనపడ్డారు. ప్లంబర్ల జాతీయ సంఘం, యునైటెడ్ అసోసియేషన్, 1889లో పుట్టింది. దాని నిబంధనల్లో నల్లవాళ్లకి ప్రవేశం లేదని ఎక్కడా రాసి లేదు. రాయాల్సిన అవసరం పడలేదు. మన ఊళ్లో హోటల్ గోడ మీద "మాలమాదిగలకు వేరే గ్లాసు" అని బోర్డు ఎప్పుడైనా చూశారా? గ్లాసు మాత్రం చూరులో ఉండేది.

1905లో ఆ సంఘం పత్రికలో వర్జీనియా రాష్ట్రం, డాన్విల్ ఊరి నుంచి ఒక సభ్యుడి ఉత్తరం అచ్చయింది. నల్లవాళ్లు ప్లంబింగ్ పని చేసేస్తున్నారు, మన రాష్ట్రంలో గట్టి లైసెన్స్ చట్టం వస్తే వాళ్లని ఈ పనిలోంచి పూర్తిగా తుడిచేయొచ్చు అన్నది దాని సారాంశం. ఎక్కడా సిగ్గు లేదు, ముసుగు లేదు. పత్రిక వేసుకుంది, సభ్యులు చదువుకున్నారు.

చట్టంలో రంగు ఊసు లేకుండా రంగుని ఎలా తుడుస్తారో మా మేనల్లుడి 8,000 గంటల్లోనే జవాబుంది. లైసెన్స్ కావాలంటే పరీక్ష రాయాలి. పరీక్ష రాయాలంటే లైసెన్స్ ఉన్నవాడి కింద పనిచేసినట్టు రుజువుండాలి. లైసెన్స్ ఉన్నది తెల్లవాడికి. వాడు నిన్ను పనిలో పెట్టుకుంటాడు, గొయ్యి తవ్విస్తాడు, పైపు మోయిస్తాడు, చాలాసార్లు బిగింపు కూడా నీ చేతే చేయిస్తాడు. నీ పేరు మాత్రం "హెల్పర్". హెల్పర్ గంటలు ఎవరూ లెక్కపెట్టరు. ముప్పై ఏళ్లు పనిచేసినా నువ్వు హెల్పర్‌గానే రిటైరవుతావు. ఇది చదువుతున్న మన వాళ్లలో ఎంతమందికి సొంత నాన్న గుర్తొచ్చాడో నాకు తెలుసు.

వాళ్లు ఊరికే పడి ఉండలేదు. చికాగోలో ఎడ్వర్డ్ డోటీ అనే నల్లజాతి ప్లంబర్ తోటి పనివాళ్లని కూడగట్టి, తలుపు తీయని సంఘంతో ఏళ్ల తరబడి కొట్లాడాడు. తలుపు ఎంత గట్టిదో తెలియాలంటే 1964 చూడాలి. పౌరహక్కుల చట్టం వచ్చిన ఏడాది అది. న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక మార్కెట్ కడుతున్నారు. ఒక నల్లవాడిని, కొందరు ప్యూర్టోరికన్లని ప్లంబింగ్ పనిలో పెట్టుకునేసరికి సంఘం వాళ్లు పనిముట్లు కింద పెట్టి వెళ్లిపోయారు. సంఘంలో లేని వాళ్లతో పనిచేయం అన్నది వాళ్ల సాకు. సంఘంలోకి రానివ్వనిది ఎవరు మరి? అమెరికా కార్మికులందరికీ పెద్దదిక్కు అనిపించుకున్న జార్జ్ మీనీ ఆ ప్లంబర్ల వైపే నిలబడ్డాడు. ఆయన కూడా బ్రాంక్స్ ప్లంబరే.

ఇంతవరకూ చదివి, "అయితే లైసెన్సులన్నీ మోసమే, మీ వాడు వంద డాలర్లు ఇచ్చేస్తే తప్పేంటి" అనేవాళ్లుంటారు. ఆగండి.

1937 మార్చి 18న అదే టెక్సస్‌లో, న్యూ లండన్ అనే ఊళ్లో ఒక బడి పేలిపోయింది. దాదాపు 300 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఖర్చు కలిసొస్తుందని బడివాళ్లు చమురు బావుల దగ్గర వృథాగా పోయే గ్యాస్ లైన్‌కి కనెక్షన్ కలుపుకున్నారు. అది ఎక్కడో కారి బడి కింద నిండింది. ఆ గ్యాస్‌కి వాసన ఉండదు. ఎవరికీ తెలియలేదు. తర్వాతే గ్యాస్‌లో వాసన కలపాలన్న చట్టం వచ్చింది. మన వంటింట్లో సిలిండర్ లీకయితే వచ్చే కంపు కూడా అలా కలిపిందే. పదేళ్ల తర్వాత, 1947లో, టెక్సస్ రాష్ట్రవ్యాప్తంగా ప్లంబింగ్ లైసెన్స్ చట్టం చేసింది.

పదిహేనేళ్లుగా చేస్తున్న పని అన్నాడే, దానికీ జవాబుంది. అమెరికాలో 1986 చట్టం ప్రకారం పైపులు, పైపు ఫిట్టింగుల్లో 8 శాతం దాకా సీసం ఉన్నా "సీసం లేనిది" కిందే లెక్క. 2014 జనవరి నుంచి, నీళ్లు తగిలే భాగాల్లో అది 0.25 శాతం దాటకూడదు. 2010లో పని నేర్చుకుని మళ్లీ పుస్తకం తెరవని ప్లంబర్ 2015లో ఏ కుళాయి బిగించి ఉంటాడు? వాడి చేతిలో నైపుణ్యానికి లోటు లేకపోవచ్చు. ఆ నీళ్లతో పాలడబ్బా కలిపే తల్లికి మాత్రం ఏమీ తెలియదు.

మన దగ్గర ఐటీఐ సర్టిఫికెట్‌కి గడువు లేదు. ఒకసారి వస్తే చచ్చేదాకా ఉంటుంది. మళ్లీ పిలిచి, ఇదిగో కొత్తగా ఇది తెలిసింది, నేర్చుకోరా అని చెప్పేవాడు కూడా లేడు. అది ఇంట్లోని పైపుల సంగతి. ఆ పైపు ఇల్లు దాటి, వీధి దాటి, మ్యాన్‌హోల్‌లో పడిన దగ్గర్నుంచి సర్టిఫికెట్ మాటే ఉండదు. అక్కడ అర్హత ఒక్కటే, అది పుట్టుకతో వస్తుంది. 1927లో మహద్ చెరువులో దోసెడు నీళ్లు తాగడానికి బాబాసాహెబ్ వేలమందిని నడిపించాల్సి వచ్చింది. అవే నీళ్లు మురుగై బయటికొచ్చేటప్పుడు ముట్టుకోవడానికి మాత్రం మనల్ని పిలిచి మరీ దింపుతారు. 1993లో చట్టం వచ్చింది. 2013లో ఇంకో చట్టం వచ్చింది. చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు అంది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. రేటు పెరుగుతోంది, దిగడం ఆగలేదు.

మా బావ, అంటే ఆ మేనల్లుడి తండ్రి, అలా దిగినవాడే. కాంట్రాక్టర్ మనిషి తీసుకెళ్లాడు. పిల్లాడికి అప్పుడు తొమ్మిదేళ్లు. అప్పటికింకా 10 లక్షల తీర్పు రాలేదు. మా అక్కకి వచ్చింది దహన ఖర్చులు.

మూడో రోజు మా వాడికి నేనే ఫోన్ చేసి పైన రాసిందంతా చెప్పాను, బావ మాట తప్ప. డాన్విల్ ఉత్తరం సంగతి విని, "వాళ్లు మూసిన తలుపులోంచి నేను లోపలికొచ్చి, ఇప్పుడు నా కుర్చీ వాడికి అద్దెకిస్తున్నానన్నమాట" అని నవ్వాడు. ఆదివారం పిల్లల్ని చర్చికి పంపించి తనే కూర్చున్నాడు.

మాకు అర్ధరాత్రి దాటాక ఫోన్ మోగింది. ఆరోగ్య రక్షణ భాగంలో మురుగు గ్యాస్ గురించి పాఠం వచ్చిందట. సింకు కింద వంపు తిరిగిన పైపులో ఎప్పుడూ కాసిని నీళ్లు ఎందుకు నిలవాలో అతనికి తెలుసు. ఆ నీళ్లు అడ్డం లేకపోతే గ్యాస్ ఇంట్లోకి వస్తుంది. తెలియనిది ఇంకొకటి ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెంగా ఉంటే కుళ్లిన గుడ్ల కంపు వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనని పసిగట్టడం మానేస్తుంది. కంపు పోయిందంటే గ్యాస్ పోయిందని కాదు.

"మావయ్యా," అన్నాడు, "నాన్న దిగే ముందు పైనున్నవాడు ఏమన్నాడో నువ్వు అమ్మకి చెప్తుంటే నేను తలుపు వెనక నుంచి విన్నా. వాసన పోయింది, ఇక దిగు అన్నాడు కదా?"

అవునన్నాను.

"వాడికి కూడా తెలియదేమో మావయ్యా. ఎవరూ చెప్పి ఉండరు."

తెలుసో తెలియదో నాకు తెలియదని చెప్పాను. ఇంకో రెండు గంటల పాఠం మిగిలుందని, చూసి పడుకుంటానని పెట్టేశాడు. పొద్దున్న లేచేసరికి వాట్సాప్‌లో అతని సర్టిఫికెట్ ఫొటో ఉంది. దాని కింద ఆ గ్యాస్ పాఠం పేజీల ఫొటోలు పదకొండు ఉన్నాయి. "తెలుగులో రాసి పెట్టు మావయ్యా, పేటలో దిగేవాళ్లకి ఇవ్వాలి" అని రాశాడు.

ఆ పని మొదలుపెట్టాను. నాలుగు పేజీలయింది.