బాణము విడుచుటకు ముందు

దశరథుని శబ్దభేది విద్యను గూర్చి మన ఇండ్లలో వినని వారుండరు. సరయూ తీరమున, చీకటివేళ, కుండ మునుగు చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదని తలచి ఆతడు బాణము విడిచెను. గురి తప్పలేదు. తగిలినది మాత్రము తల్లిదండ్రులకు నీరు కొనిపోవచ్చిన మునికుమారునకు. ఆ విలుకాని నేర్పునకు లోపము లేదు. దేనిని కొట్టుచున్నాడో చూడకుండుటయే ఆతని దోషము.

చూచి కొట్టినంత మాత్రమున దోషము తీరునా? ఎంత దూరమునుండి, ఏ అవయవమునకు గురిపెట్టి, జంతువు ఏ తీరున నిలిచియున్నప్పుడు బాణము విడువవచ్చును? ఎప్పుడు విడువరాదు? ఇరువదవ శతాబ్దమున అమెరికా దేశపు విలుకాండ్రు ఈ ప్రశ్నలను శ్రద్ధతో విచారించి, జింకల వేటకు కొన్ని నియమములేర్పరచుకొనిరి. ఆ నియమముల చరిత్రను ఈ ప్రసంగమున ముచ్చటింతము.

తుపాకి వ్యాపించిన పిమ్మట అమెరికాలోని తెల్లవారిలో విల్లుతో వేటాడువారు అరుదైరి. అంతర్యుద్ధానంతరము మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అను సోదరులు మరల విల్లు చేపట్టి అడవులలో తిరిగిరి. 1878లో మారిస్ ప్రకటించిన పుస్తకము జనులలో విలువిద్యపై మోజు పుట్టించెను. మరుసటి సంవత్సరమే జాతీయ విలువిద్యా సంఘము వెలసెను. అయితే జింక దేహమున బాణము చేయు పనిని శాస్త్రదృష్టితో పరిశీలించుటకు మరి ముప్పదియేండ్లకు పైగా పట్టినది. అందుకు కారకులు ఇద్దరు: ఒక ఆదివాసి, ఒక శస్త్రవైద్యుడు.

1911 ఆగస్టు 29వ తేదీన, కాలిఫోర్నియాలోని ఓరోవిల్ పట్టణము చెంత, పశువధశాల ఆవరణలో ఆకలిచే కృశించిన మనుష్యుడొకడు కనబడెను. యాహి తెగలో మిగిలిన చివరివాడతడు. 1849 ప్రాంతమున బంగారమునకై వచ్చిపడిన వలసజనము, తరువాతి రెండు దశాబ్దములలో, ఆ తెగను తుపాకులతో వేటాడి దాదాపు నిర్మూలించిరి. తన పేరు తాను చెప్పుకొనుట యాహి వారి ఆచారము కాదు. కనుక మానవశాస్త్రజ్ఞుడైన క్రోబర్ ఆతనిని ‘ఇషీ’ అని పిలిచెను. వారి భాషలో ఆ మాటకు మనిషి అని అర్థము. అటుపిమ్మట ఇషీ శాన్‌ఫ్రాన్సిస్కోలో, విశ్వవిద్యాలయమువారి ప్రదర్శనశాలలో నివసించెను. ప్రక్కనున్న వైద్యకళాశాలలోని శస్త్రవైద్యుడు సాక్స్‌టన్ పోప్ ఆతనికి మొదట వైద్యుడు, పిదప మిత్రుడు, తుదకు విలువిద్యలో శిష్యుడు అయ్యెను.

ఇషీ జూనిపర్ కొయ్యతో విల్లు చేసెడివాడు. అగ్నిపర్వతపు గాజురాతిని, పగిలిన సీసాముక్కలను కూడ అలుగులుగా చెక్కెడివాడు. దూరపు గురిపలకను కొట్టుటలో ఆతడు గొప్పవాడు కాడు. చేరువనున్న పిట్టంత వస్తువును మాత్రము చక్కగా కొట్టెడివాడు. దూరమును తగ్గించుకొనుటయే ఆతడు చిన్ననాటినుండి అభ్యసించిన విద్య. వేటకు పూర్వము చేపలు తినడు, పొగ త్రాగడు. ఆ వాసనలు జింకకు దూరమునుండియే తెలియునని ఆతడెరుగును. స్నానము చేసి, గాలికి ఎదురుగా నడచి, పొదచాటున గొంతుకూర్చుండి ఓపికతో కనిపెట్టును. 1914 మే నెలలో పోప్, క్రోబర్ మొదలగువారు ఆతనితో కూడ ఆతని పూర్వపు అడవులకు పోయి ఈ పద్ధతులను కన్నులార చూచిరి.

పోప్ శస్త్రవైద్యుడగుటచే ఒక ముఖ్యభేదమును స్పష్టముగ గ్రహించెను. తుపాకిగుండు తాకిడి బలముచే జంతువును కూల్చును. బాణము కోయును, రక్తస్రావముచే చంపును. విల్లుతో వేటాడుటను గూర్చి ఆతడు వ్రాసిన గ్రంథము 1923లో వెలువడి, తరువాతి తరములవారికి పాఠ్యపుస్తకమువంటిదైనది. బాణము పని కోయుటయే గనుక, ఎచట కోసినది అన్నదానిపై జింక బాధ యంతయు ఆధారపడియుండును. ఊపిరితిత్తులు రెండును తెగిన జింక సాధారణముగ కొద్ది క్షణములలో, కొద్ది దూరములోనే పడిపోవును. కడుపున బాణము తగిలిన జింక గంటల తరబడి యాతనపడును.

ఇందుండి పుట్టినదే మొదటి నియమము. జింక అడ్డముగా నిలిచి, ఇవతలి ముందుకాలిని ముందునకు చాచినప్పుడు, ఆ కాలికి కొంచెము వెనుకగా, రొమ్ము క్రిందినుండి మూడవ వంతు ఎత్తున గురిపెట్టవలెను. అచట ఊపిరితిత్తులును, వానికి దిగువ గుండెయు కలవు. ఎదిగిన తెల్లతోక జింకలో ఆ మర్మస్థానము 8 నుండి 10 అంగుళముల వెడల్పు మాత్రమే. ఒక చిన్న పళ్లెమంత. జింక కొంచెము అవతలికి మరలియున్నను మంచిదే. అప్పుడు బాణము ఆవలిప్రక్క జబ్బవైపు ఏటవాలుగా పోవునట్లు కొట్టవలెను. ఎదురుగా నిలిచిన జింకను కొట్టరాదు; ఎముకలు బాణమునకు అడ్డుపడును. వెనుకనుండియు కొట్టరాదు, కడుపు చీలును. తలకు, మెడకు గురిపెట్టరాదు. అవి చిన్నవి, నిలకడ లేనివి.

రెండవ నియమము దూరమునకు సంబంధించినది. నారి మ్రోగిన చప్పుడు సెకనుకు సుమారు 1,100 అడుగులు పోవును. పాతకాలపు కొయ్యవింటి బాణము సుమారు 150 అడుగులు మాత్రమే పోవును. జింక 40 గజముల దూరమున నున్నచో, చప్పుడు సెకనులో తొమ్మిదవ వంతులో దాని చెవిని చేరును. బాణము చేరుటకు సెకనులో ఐదింట నాలుగు వంతులు పట్టును. ఈలోపల బెదరిన జింక దుముకుటకై కాళ్లు ముడిచి క్రిందికి వంగును. ఊపిరితిత్తులకు విడిచిన బాణము వెన్నునకు తగులును, లేదా పైనుండి పోవును. అందుచేతనే చెవులు నిక్కించి తల యెత్తిన జింకపై బాణము విడువరాదని పెద్దలు బోధింతురు.

1934లో విస్కాన్సిన్ రాష్ట్రము కొలంబియా, సాక్ జిల్లాలలో కేవలము విలుకాండ్రకే జింకలవేట ఋతువును నిర్ణయించినది. క్రమముగ ఇతర రాష్ట్రములును ఆ మార్గమున నడచెను. మిజూరి రాష్ట్రమునకు చెందిన ఆలెన్ అను నాతడు కప్పీలు అమర్చిన కొత్త విల్లును కల్పించి 1969లో హక్కుపత్రము పొందెను. నేటి అట్టి విండ్లలో కొన్నిటి బాణములు సెకనుకు 300 అడుగులకు పైగా పోవును. దానితో దూరపు జింకపై ఆశ పెరిగెను. అయినను బాణము వేగము ధ్వనిని మించలేదు; జింక చెవికి మునుపటి మొదలే దక్కుచున్నది. న్యూయార్కు రాష్ట్రమున విల్లుతో వేటాడగోరువారు ప్రత్యేకశిక్షణ పొందితీరవలెను.

మూడవ నియమము బాణము విడిచిన తరువాతిది. వెంటనే పరుగెత్తరాదు; తరిమినకొలది గాయపడిన జింక దూరము పోవును. నెత్తుటిజాడను పరీక్షింపవలెను. నురుగుతో కూడిన లేత ఎరుపు ఊపిరితిత్తులను, నల్లని ఎరుపు కాలేయమును, పసరుతో కూడిన దుర్వాసన కడుపును సూచించును. మొదటిదానికి అరగంట, చివరిదానికి ఎనిమిది గంటలకు పైగా నిరీక్షించి, జింక దొరకువరకు వెదకుట వేటగాని విధి.

ఇన్ని నియమములున్నను కొన్ని జింకలు గాయముతో తప్పించుకొనిపోవును. ఇంగ్లండు, వేల్సులలో 1963 నాటి చట్టము బాణముతో జింకను కొట్టుటను నిషేధించినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును 1991లో సవరించిన పిదప వినోదార్థమైన జింకలవేటకు తావు లేదు. కనుక ఈ నియమములు మనకు వేటపాఠములు కావు. ఆయుధము చేతనున్నవాడు ఎదుటి ప్రాణిబాధకు తానే ఉత్తరవాదియని ఒప్పుకొనిన తీరును ఇవి తెలుపుచున్నవి.

అయినను ఈ చరిత్రను చదువునపుడు మమ్ములను కలచివేసిన సంగతి యొకటి కలదు. జింకను అనవసరముగ బాధింపరాదను విద్యకు గురువైన ఇషీ, తాను స్వయముగ వేటాడబడిన జాతివాడు. ఆతని వారిపై తుపాకి యెత్తినవారు ఏ నియమమును పాటింపలేదు. క్షయవ్యాధిచే 1916 మార్చి 25వ తేదీన ఆతడు మరణించెను. మిత్రులు ఆతని దేహము ప్రక్కన ఒక విల్లు, ఐదు బాణములు, ఒక బుట్టెడు సింధూరగింజల పిండి ఉంచి సాగనంపిరి.