సముద్రపు నాచునకు విటమిను నిచ్చునది ఎవరు?

ఒడ్డున నిలిచి చూచువారికి సముద్రము ఉప్పునీటి రాశిగా మాత్రమే కనిపించును. కాని ఆ నీటిలో కంటికి కానరాని జీవులు కోట్లకొలది తేలియాడుచున్నవి. ఇట్లు నీటితో కొట్టుకొనిపోవు జీవులకు 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ ‘ప్లాంక్టన్’ అని పేరు పెట్టెను. వీనిలో సూర్యరశ్మితో ఆహారమును తయారుచేసికొను నాచుజాతి జీవులను వృక్షప్లవకములందురు. భూమిపై జరుగు కిరణజన్య సంయోగక్రియలో సుమారు సగము వీనిదే. చేపలకును, చేపలపై బ్రతుకు జాలరులకును ఇవియే మూలాధారము.

వెలుతురు, బొగ్గుపులుసు వాయువు, కొన్ని లవణములు ఉన్నచో వీనికి చాలునని చాలకాలము తలచిరి. బాక్టీరియా పని చచ్చినదానిని కుళ్లజేసి, లవణములను మరల నీటికి అందించుట మాత్రమే అనుకొనిరి. కాని ప్రయోగశాలలో ఒక చిక్కు ఎదురయ్యెను. లవణములన్నియు సరిగా కలిపినను కొన్ని జాతులు పెరుగలేదు. కొంచెము మట్టిని కాచి వడగట్టిన నీరు చేర్చినంతనే పెరిగినవి. ఆ నీటిలో నేమున్నది?

1948లో కాలేయమునుండి విటమిన్ బి12 శుద్ధరూపమున వేరుచేయబడెను. తరువాతి సంవత్సరములలో అమెరికాలో లూయీజీ ప్రొవాసోలి, స్కాట్లండు తీరమున మిల్‌పోర్టులో మైకేల్ డ్రూప్ అను శాస్త్రజ్ఞులు పెక్కు సముద్రపు నాచులకు ఈ విటమిను అవసరమని చూపిరి. దీనిని తయారుచేయగలవి బాక్టీరియాయు, వానిని పోలిన ఆర్కియా అను సూక్ష్మజీవులును మాత్రమే. మొక్కలకు గాని జంతువులకు గాని ఆ శక్తి లేదు. కావున స్వతంత్రమనుకొన్న నాచు బాక్టీరియాకు ఋణపడియున్నదని తేలెను.

అయితే ఆ ఋణము చేతికి చేయిగా అందునా, లేక నీటిలో కరిగియున్నదానిని నాచు ఏరుకొనునా? 1972లో బెల్, మిచెల్ అనువారు నాచు విడుచు పదార్థముల వైపునకు బాక్టీరియా ఈదుకొనివచ్చునని కనుగొని, నాచుకణము చుట్టునుండు ఆ పలుచని నీటిపొరకు ‘ఫైకోస్ఫియర్’ అని పేరిడిరి. 1974లో హేన్స్, గిలార్డ్ అనువారు డయాటము అను నాచునూ బి12ను తయారుచేయు బాక్టీరియానూ ఒకే పాత్రలో పెంచిరి. డయాటము విడిచినదానిని తిని బాక్టీరియా బ్రతికెను. బాక్టీరియా ఇచ్చిన విటమినుతో డయాటము పెరిగెను.

2005లో ఇంగ్లండు శాస్త్రజ్ఞులు 326 నాచుజాతుల వివరములను పరిశీలించి, 171 జాతులకు బి12 బయటినుండి కావలెనని లెక్కతేల్చిరి. ఇది పరస్పర సహజీవనమని వారి వాదము. అర్ధశతాబ్దము ముందే ఈ రంగమున పనిచేసిన డ్రూప్ 2007లో దీనిని ప్రశ్నించెను. నాచునకు కావలసినది అత్యల్పము. లీటరు నీటిలో గ్రాములో నూరుకోట్లవ వంతులు కొన్ని ఉన్నను చాలును. కావున ప్రత్యేకమైన స్నేహముతో పనిలేదని ఆయన వాదము.

అదే సంవత్సరము అంటార్కిటికా తీరమునందలి రాస్ సముద్రమునుండి మరియొక ఫలితము వెలువడెను. ఆ నీటికి ఇనుము మాత్రమే చేర్చినప్పటికంటె, ఇనుముతో బి12ను కూడ చేర్చినప్పుడు వృక్షప్లవకములు అధికముగా పెరిగినవి. అనగా అన్ని సముద్రములలోను విటమిను చాలినంత లేదు. నీటినుండి ఏరుకొన్నను, ప్రక్కనున్న బాక్టీరియానుండి పొందినను, పుట్టుచోటు మాత్రము ఒక్కటియే. జాలరి వలలో పడు చేప వెనుక నాచు గలదు. ఆ నాచు వెనుక బాక్టీరియా గలదు.