చీపురుపల్లి మీదుగా డకోటా

విశాఖపట్నంలో లేచిన డకోటా విమానం సింహాచలం కొండను దాటి, కొత్తవలస దగ్గర రైలు పట్టాలను అందుకుని, విజయనగరం, గరివిడి మీదుగా సాగితే సుమారు ఇరవై నిమిషాల్లో చీపురుపల్లి మీదికి వస్తుంది. దాని మామూలు వేగం గంటకు 290 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఎడమ చేతివైపు తూర్పు కనుమలు, కుడివైపు దూరంగా సముద్రం, ముందు నాగావళి లోయ. ఎనభై ఏళ్ల నాటి ఈ విమానాన్ని ఇదే దారిలో ఇవాళ ఇంట్లో కంప్యూటర్ మీద నడపవచ్చు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్, ఎక్స్-ప్లేన్, ఎవరైనా ఉచితంగా తీసుకోగల ఫ్లైట్‌గేర్, ఈ మూడింటికీ డకోటా నమూనాలున్నాయి.

తెర మీది ఈ ప్రయాణంలో ఎంత చరిత్ర, ఎంత ఊహ అన్నది చరిత్రకారులు పట్టించుకోవలసిన ప్రశ్న. పాత విమానాన్ని సిమ్యులేటర్ కోసం తిరిగి కట్టడం కూడా చరిత్ర రాయడమే. దానికి మూడు రకాల ఆధారాలు కావాలి: విమానం ఆకారం, దాని నడత, అది ఎగిరిన చోటు. మొదటి రెండింటిని ప్రపంచవ్యాప్తంగా ఎందరో ఔత్సాహికులు శ్రద్ధగా సమకూర్చారు. మూడోదాన్ని ఆ చోట బతికినవాళ్లే ఇవ్వాలి.

తీరానికి వచ్చిన విమానాలు

రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు భారత తీరాన్ని కాపాడటానికి స్వచ్ఛంద వైమానిక దళంలో ఆరు తీర రక్షణ విభాగాలు ఏర్పడ్డాయి. ఆరోది విశాఖపట్నంలో. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి వచ్చిన విమానాలు విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అప్పటికి తూర్పు తీరంలో గస్తీకి తగినన్ని యుద్ధ విమానాలు లేవు. ఆ కొరత తీర్చడానికి ప్రయాణికుల విమానాలైన ఆర్మ్‌స్ట్రాంగ్ విట్‌వర్త్ అటలాంటాలకు మరతుపాకీ బిగించి సముద్రం మీదికి పంపారు. 1932లో తొలిసారి ఎగిరిన అటలాంటాకు నాలుగు ఇంజన్లు. మొత్తం ఎనిమిదే కట్టారు. కరాచీ నుంచి కలకత్తా, రంగూన్‌ల మీదుగా సింగపూర్ దాకా టపానూ కొద్దిమంది ప్రయాణికులనూ మోయడం అంతకుముందు వాటి పనుల్లో ఒకటి. మద్రాసు దగ్గరి సెయింట్ థామస్ మౌంట్ నుంచి 1942 ఆగస్టు 30న వాటి ఆఖరి గస్తీ జరిగింది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడా ఒక్క అటలాంటా కూడా మిగల్లేదు.

డకోటా చరిత్ర దీనికి పూర్తిగా భిన్నం. డగ్లస్ కంపెనీ డీసీ-3 విమానం 1935 డిసెంబరు 17న కాలిఫోర్నియాలో మొదట ఎగిరింది. సైన్యం కోసం తయారైన రూపం సీ-47. డకోటా అన్నది బ్రిటిష్ వైమానిక దళం పెట్టిన పేరు. సోవియట్ యూనియన్, జపాన్ దేశాల్లో కట్టినవాటినీ కలుపుకుంటే ఈ కుటుంబంలో పదహారు వేలకు పైగా విమానాలు తయారయ్యాయి. అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకు సరుకు చేరవేసినవాటిలో, బర్మా అడవుల్లో సైనికులకు తిండీ తూటాలూ జారవిడిచినవాటిలో ఇవి ముఖ్యమైనవి.

యుద్ధం ముగిశాక మిగిలిపోయిన సైనిక డకోటాలు చవకగా దొరికాయి. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారం వాటిని ప్రయాణికులకు అనువుగా మార్చింది. నిజాం ప్రభుత్వం, టాటా సంస్థ కలిసి 1945లో స్థాపించిన దక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట కేంద్రంగా డకోటాలను నడిపింది. భారతదేశంలో తొలి మహిళా వాణిజ్య పైలట్‌గా పేరుపొందిన ప్రేమ్ మాథుర్‌కు మిగతా సంస్థలు తలుపులు మూసినప్పుడు 1947లో ఉద్యోగమిచ్చింది ఈ సంస్థే. అదే ఏడాది అక్టోబరు 27న సిక్కు రెజిమెంట్ మొదటి బెటాలియన్ సైనికులను ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు చేర్చినవి కూడా డకోటాలే. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు లాంకాస్టర్ బాంబర్ నుంచి రూపొందిన లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం రాజ్యానికి రహస్యంగా ఆయుధాలు చేరవేశాడు. 1953లో విమాన సంస్థలు జాతీయమైనప్పుడు దక్కన్ ఎయిర్‌వేస్ మరో ఏడు సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తెలుగు నేలకు సంబంధించిన ప్రొపెల్లర్ విమానాల చరిత్ర ఇంత పెద్దది. అందులో ఇవాళ చేత్తో తాకి చూడగలిగేది చాలా తక్కువ.

ఆకారం

సిమ్యులేటర్ విమానానికి తొలి మెట్టు ఆకారం. నమూనా కట్టేవారు బ్లెండర్ వంటి త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో విమానం బయటి చర్మాన్ని కొలతల ప్రకారం గీస్తారు. రెక్క ఎంత వాలుగా ఉంది, తోక ఎక్కడ గుండ్రం తిరిగింది, రివెట్ల వరసలు ఎటు సాగాయి అన్నవన్నీ కర్మాగారం గీతల నుంచీ మ్యూజియంలో తీసిన ఫొటోల నుంచీ తీసుకుంటారు. డకోటా విషయంలో ఇది సాధ్యమే. వందల సంఖ్యలో విమానాలు మిగిలాయి, కొన్ని ఇంకా ఎగురుతున్నాయి, సైనిక చేతిపుస్తకాలు అందుబాటులో ఉన్నాయి. అటలాంటాను కట్టాలంటే కొన్ని గీతలు, కొన్ని నలుపు తెలుపు ఫొటోలే దిక్కు. కాబట్టి తెర మీద రెండు నమూనాలూ ఒకేలా నిగనిగలాడినా వాటికి ఒకే విలువ కట్టకూడదు. ఒకదాని వెనక సాక్ష్యం దండిగా ఉంది. రెండోదానిలో చాలా భాగం తెలివైన అంచనా.

రంగుల సంగతి మరింత సున్నితమైనది. ఒకే డకోటా నమూనాకు అభిమానులు వేర్వేరు సంస్థల రంగులూ గుర్తులూ వేస్తారు. నలుపు తెలుపు ఫొటోలో ముదురుగా కనిపించిన పట్టీ ఎరుపో, నీలమో, ఆకుపచ్చో ఫొటో చెప్పదు. దానికి ప్రకటన పత్రాలో, టికెట్లో, చూసినవాళ్ల మాటో కావాలి. నిజమైన విమానాల్లోనూ ఇలాంటి పునర్నిర్మాణం ఉంది. 2018లో బ్రిటన్ నుంచి ఎగిరి వచ్చి భారత వైమానిక దళంలో చేరిన ‘పరశురామ’ డకోటా మీద వీపీ 905 అన్న సంఖ్య ఉంది. శ్రీనగర్‌కు సైనికులను మోసిన డకోటా సంఖ్య అది. ఇప్పుడున్న విమానం వేరు, ఆ సంఖ్యను గౌరవ సూచకంగా వేశారు. ఆ సంగతి తెలిసి చూస్తే ఆ విమానం మీద గౌరవం తగ్గదు, చరిత్రా తప్పుదారి పట్టదు. సిమ్యులేటర్‌లో రంగులు వేసేవారు కూడా ఈ నిజాయితీనే పాటించాలి.

నడత

ఆకారం కుదిరాక అసలు కష్టం మొదలవుతుంది. సిమ్యులేటర్లలో విమానం నడతను లెక్కించడానికి రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. మొదటిది పట్టికల పద్ధతి. ఫలానా వేగంలో, ఫలానా కోణంలో రెక్క ఎంత బరువు ఎత్తుతుందో ముందే అంకెలుగా రాసిపెడతారు. బ్రూస్ ఆర్ట్‌విక్ రూపొందించగా 1982లో వెలువడిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ పరంపర చాలాకాలం ఈ దారిలోనే నడిచింది. రెండోది ఎక్స్-ప్లేన్ ఎంచుకున్న దారి. రెక్కనూ ప్రొపెల్లర్‌నూ సన్నని ముక్కలుగా విభజించి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలం చూపుతుందో క్షణక్షణం లెక్కగడుతుంది. రెండింటికీ చివరి పరీక్ష ఒకటే. ఆ విమానాన్ని నడిపినవారు చెప్పినట్టు, చేతిపుస్తకంలో రాసినట్టు ఇది నడుస్తోందా?

డకోటాలో ఈ పరీక్ష ఇంజన్ దగ్గరే మొదలవుతుంది. ప్రాట్ అండ్ విట్నీ ట్విన్ వాస్ప్ ఇంజన్‌కు పద్నాలుగు సిలిండర్లు, రెండు వలయాలుగా అమర్చి ఉంటాయి. శక్తి 1,200 హార్స్‌పవర్. నిలిపి ఉంచిన ఇంజన్‌లో నూనె కిందివైపు సిలిండర్లలోకి దిగుతుంది. ఒక్కసారిగా నిప్పు అందిస్తే లోపలి భాగాలు వంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే పైలట్ స్టార్టర్‌తో ప్రొపెల్లర్‌ను తిప్పుతూ కొన్ని రెక్కలు లెక్కపెట్టుకున్నాకే నిప్పురవ్వనిచ్చే మాగ్నెటోలు వేస్తాడు. టేకాఫ్‌లో నిమిషానికి 2,700 చుట్లు, 48 అంగుళాల మానిఫోల్డ్ ఒత్తిడి. ఆ స్థితిని ఎక్కువసేపు ఉంచకూడదు. సిలిండర్ల వేడి పెరిగితే చుట్టూ ఉన్న కవచపు రేకులు తెరవాలి. వంద గంటల పాటు ఇంజన్‌ను మొరటుగా వాడితే అది అరిగిపోయేలా లెక్కగట్టే నమూనాలు కూడా ఇప్పుడు ఉన్నాయి. తోక చక్రం వల్ల విమానం నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. ఎదురుగా ఏముందో పైలట్‌కు కనిపించదు కనుక అటూ ఇటూ మలుపులు తిప్పుతూ ముందుకు పోవాలి. రెండు ఇంజన్ల చుట్ల సంఖ్య ఏమాత్రం తేడా పడినా లయ తప్పిన మోత వినిపిస్తుంది. ఆనాటి పైలట్లు చెవితో విని ఆ తేడాను సరిచేసేవారు. మంచి నమూనాలో ఆ మోత కూడా ఉంటుంది.

ఇదంతా మ్యూజియం చూపలేని చరిత్ర. ఉదాహరణకు, విశాఖ బీచ్ రోడ్డులో 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం ప్రదర్శనలో ఉంది. 1988లో నౌకాదళంలో చేరి, ఇరవై తొమ్మిదేళ్లు సముద్రాన్ని గాలించి, 2017 మార్చి 29న అరక్కోణంలో విరమించిన విమానాల్లో అదొకటి. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు. ఆ రెక్కల కింద నిలబడితే దాని పరిమాణం అర్థమవుతుంది. లోపల పనిచేసినవారు ఏ మీటను ఎప్పుడు ఎందుకు కదిపారో తెలియాలంటే ఆ పనిని చేసి చూడాలి. లోహాన్ని మ్యూజియం కాపాడుతుంది. పనితనాన్ని కాపాడగల సాధనాల్లో సిమ్యులేటర్ ఒకటి.

చోటు

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ భూమి మొత్తాన్నీ ఉపగ్రహ, వైమానిక చిత్రాల ఆధారంగా చూపించింది. 2022 నవంబరులో నలభయ్యో వార్షికోత్సవ సంచికగా డీసీ-3ని కూడా చేర్చింది. కనుక చీపురుపల్లి మీదుగా డకోటా నడపడం ఇప్పుడు చాలా తేలిక. చిక్కు అక్కడే ఉంది. విమానం 1940ల నాటిది, కింద నేల నిన్నటిది.

1948లో ఈ దారిన డకోటా వచ్చి ఉంటే పైలట్‌కు ఏమి కనిపించేది? 1893-96 మధ్య వేసిన రైలు మార్గం కనిపించేది. గర్భాం, కోడూరు ప్రాంతాల్లో 1890ల నుంచి తవ్వుతున్న మాంగనీసు గనుల గుంతలు కనిపించేవి. గరివిడి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఇంకా పుట్టలేదు. తాటిపూడి, మడ్డువలస జలాశయాలు లేవు. నాలుగు వరసల జాతీయ రహదారి లేదు. భోగాపురంలో పొలాలే తప్ప విమానాశ్రయం లేదు. విశాఖలో ఇప్పుడున్న పొడవైన రన్‌వే ఈ శతాబ్దిలో వేసినది. పటం మీద పేర్లు సైతం మారాయి. అప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న చీపురుపల్లి 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి వచ్చింది. జలాశయం నీటిని గుర్తుగా పెట్టుకుని డకోటాను నడిపినవాడు తనకు తెలియకుండానే తప్పు చరిత్ర నేర్చుకుంటాడు. ఆనాటి పైలట్‌కు దారి చూపినవి పట్టాలు, నదులు, కొండలు, తీరరేఖ, గడియారం, దిక్సూచి.

ఈ లోటును కాలిఫోర్నియాలోనో ఫ్రాన్స్‌లోనో కూర్చుని నమూనాలు కట్టేవారు తీర్చలేరు. వారికి డకోటా తెలుసు, చీపురుపల్లి తెలియదు. పాత సర్వే పటాల్లో చెరువుల హద్దులున్నాయి. రైల్వే రికార్డుల్లో స్టేషన్ల రూపం ఉంది. గనుల లెక్కల్లో ఏ గుంత ఎప్పుడు తవ్వారో ఉంది. యుద్ధకాలంలో విశాఖను వదిలి పల్లెలకు తరలిన కుటుంబాల్లో ఆ కథలు విన్నవాళ్లున్నారు. 1962లో మొదలై సైన్యానికి అధికారులను అందిస్తున్న కోరుకొండ సైనిక పాఠశాల పూర్వ విద్యార్థుల్లో రవాణా విమానాల అనుభవం ఉన్నవారు ఉంటారు. వీటన్నిటినీ ఒకచోట చేర్చడం విశ్వవిద్యాలయాల చరిత్ర, ఇంజనీరింగ్ శాఖలు కలిసి చేయదగిన పని. మనవాళ్లు నడిపిన విమానాలనూ, అవి ఎగిరిన నేలనూ కలిపి చూపే నమూనా ఇంజనీరింగ్ విద్యార్థికి చరిత్రనూ, చరిత్ర విద్యార్థికి యంత్రాన్నీ నేర్పుతుంది.

అలాంటి నమూనాకు ఒక నియమం తప్పనిసరి. ఏది కొలిచి కట్టారో, ఏది ఫొటో చూసి కట్టారో, ఏది విన్నమాట మీద కట్టారో, ఏది ఊహించారో నమూనాతో పాటే రాసిపెట్టాలి. శాసనం చదివేవారు చెరిగిపోయిన అక్షరాలను గుర్తు పెట్టి మరీ పూరిస్తారు. విమానాలను తిరిగి కట్టేవారికీ ఆ క్రమశిక్షణ కావాలి. అది పాటించినప్పుడు చీపురుపల్లి మీదుగా సాగే డకోటా ఉత్తరాంధ్ర చరిత్రకు ఆధారంగా నిలబడుతుంది, తర్వాత వచ్చేవారు దాన్ని పరీక్షించి, సరిదిద్ది, ముందుకు తీసుకుపోగలుగుతారు.